డిగ్రీ చేతికొచ్చింది, బడికి పోదామా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. డిగ్రీ, బీటెక్ అయిపోయిన పిల్లల్ని తీసుకొని, కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, పేదపిల్లలు చదివే బళ్ళలో రెండేళ్లు టీచర్లుగా పెట్టే ఫెలోషిప్‌ల గురించి. చేరాలనుకునేవాళ్ళు రాశారు, ఆల్రెడీ చేరి తల పట్టుకున్నవాళ్ళు రాశారు, "వీళ్ళెవరు మాకు చెప్పడానికి" అని కోప్పడిన పంతుళ్ళూ రాశారు. అందుకని ఇంటర్‌లో ఏ గ్రూపు, గురుకులంలో సీటు ఎట్లా అనే ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా.

మేడమ్, నేను నల్గొండలో బీఎస్సీ ఫైనలియర్. ఒక ఫెలోషిప్‌కి సెలెక్ట్ అయ్యాను, హైదరాబాద్‌లో ఒక బడిలో రెండేళ్లు చెప్పాలి. నాన్నేమో "అదేం నౌకరీ, రెండేండ్ల తర్వాత మళ్ళీ ఇంట్లనే కూసుంటవ్, బీఎడ్ చేసి డీఎస్సీ కొట్టు" అంటున్నారు. అమ్మకు పెళ్లి ఆలస్యమవుతుందని బెంగ. ఏం చేయమంటారు?
*ఎటూ తేల్చుకోలేని అమ్మాయి, నకిరేకల్*

నాన్న మాటను తీసిపారేయకు బిడ్డా. ఆయన భయంలో ఒక నిజం ఉంది. ఫెలోషిప్ చేస్తే టీచర్ అర్హత రాదు. రెండేళ్లు నువ్వు బోర్డు ముందు ఎంత బాగా చెప్పినా ఆ సర్టిఫికెట్ పట్టుకొని డీఎస్సీకి దరఖాస్తు చేయలేవు. సర్కారు బడిలో ఐదో తరగతి దాకా చెప్పే ఎస్జీటీ కావాలంటే డీఎడ్ ఉండాలి, పై తరగతుల స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ మీద బీఎడ్ ఉండాలి, రెండింటికీ టీచర్ అర్హత పరీక్ష టెట్ తప్పదు. బీఎడ్ ఉంటే ఎస్జీటీ కూడా రాసుకోవచ్చులే అని కొందరు ఇంకా ఆశ పెట్టుకుంటున్నారు కానీ 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. అంటే నీ దారి బీఎడ్ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్, రెండేళ్ల బీఎడ్, టెట్ రెండో పేపరు, ఆ తర్వాత డీఎస్సీ.

నాన్న లెక్క తప్పేది టైం దగ్గర. డీఎస్సీ ఏటా వచ్చే పరీక్ష కాదు. మన తెలంగాణలో 2017లో టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి ఆ పేరు) నోటిఫికేషన్ వచ్చింది, 8,792 పోస్టులు. ఆ తర్వాత పరీక్ష జరిగి ఉద్యోగాలు ఇచ్చింది 2024లోనే, 11,062 పోస్టులకు. ఈ మధ్య కాలమంతా దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో నోట్సులు ముందేసుకొని కూర్చున్నవాళ్ళు మీ ఊళ్ళోనే ఇద్దరో ముగ్గురో ఉండి ఉంటారు, నాన్నకు వాళ్ళను గుర్తు చెయ్యి. ఇంకో సంగతి కూడా చెప్పు. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46. నీకు ఇప్పుడు ఇరవయ్యో ఇరవయ్యొకటో ఉంటాయి. రెండేళ్లు బడిలో పనిచేసి ఆ తర్వాత బీఎడ్ చేసినా పాతికేళ్ళకు అటో ఇటో ఉంటావు, కొంప మునిగేదేం లేదు. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ కూడా ఉంది.

నాన్నకు చెప్పేటప్పుడు "సేవ" అనే మాట మాత్రం ఎత్తకు. సేవ అంటే ఏ నాన్నకైనా జీతం లేదనే వినిపిస్తుంది. నెలనెలా జీతం ఇచ్చే రెండేళ్ల కొలువు అని చెప్పు. ఇదేదో నిన్న మొన్న పుట్టింది కాదని కూడా చెప్పు. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో చదివే వెండీ కాప్ అనే అమ్మాయి 1989లో తన డిగ్రీ థీసిస్‌లోనే ఈ ఆలోచన రాసింది. మరుసటి ఏడాది దాదాపు 500 మందితో టీచ్ ఫర్ అమెరికా మొదలైంది. ఆ పద్ధతిలోనే మన దగ్గర షాహీన్ మిస్త్రీ టీచ్ ఫర్ ఇండియా పెట్టారు, మొదటి బ్యాచ్ 2009లో ముంబై, పుణె బళ్ళలోకి వెళ్ళింది, తర్వాత హైదరాబాద్‌కీ వచ్చింది. ఫెలోషిప్ అని పేరున్నవన్నీ ఒకటే అనుకోవద్దు. గాంధీ ఫెలోషిప్ కూడా రెండేళ్లదే, కానీ అందులో క్లాసు చెప్పడం కాదు, హెడ్‌మాస్టర్లతో, విద్యాశాఖ వాళ్ళతో కలిసి తిరిగే పని ఎక్కువ. నీకు వచ్చింది ఏ రకందో ముందు చూసుకో.

సంతకం పెట్టేముందు నోటి మాట కాకుండా మెయిల్‌లో అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జీతం కటింగులు పోను చేతికి ఎంత, ఇంటి అద్దెకు వేరే ఏమైనా ఇస్తారా, మొదటి జీతం ఏ తారీఖున పడుతుంది (జూన్‌లో హాస్టల్ అడ్వాన్స్ కట్టాలి కదా), బడి ఏ ఏరియా, ఏ తరగతి, ఎంతమంది పిల్లలు, నీ క్లాసు చూసి తప్పొప్పులు చెప్పే మనిషి నెలకు ఎన్నిసార్లు వస్తారు. చివరిది అన్నింటికంటే ముఖ్యం. ఆ మనిషి లేకపోతే కొన్ని వారాల శిక్షణ ఆగస్టు నాటికే అయిపోతుంది, ఆ తర్వాత నువ్వూ నీ క్లాసూ అంతే.

నన్నడిగితే చేరమనే అంటాను, చేరితే రెండేళ్లూ ఉండాలి. పై చదువుకు పనికొస్తుందనో, ఇంకో మంచి ఉద్యోగానికి మెట్టు అనో చేరేవాళ్ళు చాలామందే ఉంటారు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి మళ్ళీ పోకుండా ఉండిపోతే, ఏడాది మధ్యలో ఆ పిల్లలకు ఇంకో టీచర్ దొరకదు. అంత ఓపిక లేదనిపిస్తే ఇప్పుడే వద్దని చెప్పెయ్యి, ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

అమ్మ సంగతంటావా, కోచింగ్‌లో కూర్చున్నా పెళ్లి ఆలస్యమయ్యేదే. అప్పుడు జీతం కూడా ఉండదు.

నేను డీఎడ్ చేసి, టెట్ రాసి, డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్న వాణ్ణి. ఐదారు వారాల ట్రైనింగ్‌తో వచ్చిన పిల్లలు పేపర్లో ఫోటో వేయించుకొని బడిని మార్చేశామంటారు. మరి మేమంతా ఏం చేస్తున్నట్టు?
*ఒళ్లు మండిన ఎస్జీటీ, కొల్లాపూర్*

మీ మంట న్యాయమైనదే సార్. పనిలో ఉన్న టీచర్లు కూడా టెట్ పాస్ కావాల్సిందేనని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి టెట్ లేని సీనియర్లు కూడా ఈ వయసులో గైడ్లు కొనుక్కుంటున్నారు. అటువంటి సమయంలో ఏ అర్హతా లేని కుర్రాడు వచ్చి "నేర్పడం అంటే ఇదీ" అంటే ఎవరికైనా కాలుతుంది.

అయినా కోపం పక్కన పెట్టి ఒక సంగతి చూద్దాం. 2004లో మ్యాథమెటికా అనే పరిశోధన సంస్థ టీచ్ ఫర్ అమెరికా వాళ్ళ క్లాసుల్ని, అవే బళ్ళలోని మిగతా టీచర్ల క్లాసుల్ని పోల్చి చూసింది. లెక్కల్లో వీళ్ళ పిల్లలు కొంచెం ముందున్నారు, చదవడంలో తేడా ఏమీ లేదు. అంటే వాళ్ళేం ఆకాశం నుంచి ఊడిపడలేదు, అట్లాగని పనికిరానివాళ్ళూ కాదు. ఇంకోటి, ఆ పోల్చిన మిగతా టీచర్లలో సరైన శిక్షణ లేనివాళ్ళూ ఉన్నారు. ఈ ఫలితం చూపించి శిక్షణే దండగ అని వాదించేవాళ్ళు ఆ ముక్క మింగేస్తారు.

మీకూ వాళ్ళకూ అసలు తేడా పనిలో ఉంది. ఫెలోకి సాధారణంగా ఒక క్లాసు, ముప్పై నలభై మంది పిల్లలు. మీకు ఒకటి నుంచి ఐదు దాకా ఒకే గదిలో, మధ్యలో మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క, యాప్‌లో హాజరు, యూడైస్ ఫారం, ఎన్నికలొస్తే బూత్ డ్యూటీ, పొద్దున్నే కాంప్లెక్స్ మీటింగ్ అని మెసేజ్. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక నెల చెప్పించి అప్పుడు ఫోటో తీయమనండి, నేనూ చూస్తాను.

కానీ సార్, మీ బడికి అటువంటి పిల్లవాడు వస్తే మాత్రం తరిమెయ్యకండి. 2022లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు చేసిన పరీక్షల్లో ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం దగ్గర తడబడటం మీరూ చూసే ఉంటారు. వాళ్ళను విడిగా కూర్చోబెట్టి రోజుకో గంట చదివించడానికి మీకు చేతులు చాలవు. ఆ కుర్రాడికి ఆ గంట అప్పజెప్పండి. ఒత్తులు ఎట్లా నేర్పాలో వాడికి తెలియదు, మీకు తెలుసు. పేపర్‌వాళ్ళు వచ్చిన రోజు మీరు కూడా ఫోటోలో నిలబడండి, మొహమాటపడి స్టాఫ్ రూములో కూర్చోవద్దు.

బీటెక్ చేశాను. జడ్చర్ల దగ్గర ఒక ఊళ్ళో నాలుగో తరగతి చెబుతున్నాను, 38 మంది. నేను నోరు తెరవగానే గోల. సగం మందికి చదవడమే రాదు, సిలబస్ చూస్తే మూడో పాఠంలో ఉండాలి. అరిచి అరిచి గొంతు పోయింది. రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మానెయ్యనా?
*గొంతుపోయిన టీచర్*

మానెయ్యకు తమ్ముడూ. ముందు సిలబస్ మానెయ్యి, ఒక వారం పాటు. హెడ్‌మాస్టర్ గారికి చెప్పే మానెయ్యి, దొంగతనంగా కాదు.

ఆ వారంలో చేయాల్సింది ఒకటే పని. వరండాలో ఒక స్టూలు వేసుకొని కూర్చొని పిల్లల్ని ఒక్కొక్కరిగా పిలువు. ఒక కాగితం మీద అక్షరాలు, ఇంకో చోట చిన్న మాటలు, ఇంకో చోట నాలుగు వాక్యాలు, చివర ఒక చిన్న కథ. ఎక్కడిదాకా చదవగలిగితే అక్కడ ఆపి రాసుకో. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు దేశమంతా పిల్లల చదువు కొలిచే అసర్ సర్వేకు వాడే పద్ధతి ఇదే, ఒక్కో పిల్లకు నాలుగైదు నిమిషాలు చాలు. ఒక జాగ్రత్త. మన పిల్లలకు జ్ఞాపకశక్తి ఎక్కువ. పుస్తకం తెరిచి "అమ్మ వంట చేసింది" అని గడగడా చదువుతాడు, నువ్వు సంతోషపడి పైకి పంపిస్తావు. పంపించకు. బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసి, "వంట" అనే మాట ఒక్కటే వేలితో చూపించు. "అన్నం" అంటాడు. వాడు చదవలేదు, బొమ్మ చూసి పాఠం అప్పజెప్పాడు. "వంట"లో సున్న ఉంది, "అమ్మ"లో ఒత్తు ఉంది, ఈ రెంటి దగ్గరే మన పిల్లల్లో చాలామంది ఆగిపోతారు. అక్షరమాల వస్తుంది, గుణింతం కూడా వస్తుంది, ఒత్తు కిందికి దిగగానే కళ్ళు పైకి చూస్తాయి.

వారం అయ్యేసరికి నీ 38 మంది మూడు గుంపులుగా తేలతారు. ఆ తర్వాత రోజూ ఒక గంట నాలుగో తరగతి అనే మాట మర్చిపోయి, ఎవరు ఎక్కడున్నారో అక్కడి నుంచి మొదలుపెట్టు. అక్షరాల గుంపుతో నువ్వు నేల మీద కూర్చో. మాటల గుంపుకు పాత కార్డులు ఇచ్చి జతలు కలపమను. కథ చదవగలిగిన వాళ్ళకు కథల పుస్తకం ఇచ్చి, చదివి తర్వాత నీకు చెప్పమను. మిగతా టైం సిలబస్. మూడో పాఠం కొంచెం వెనకబడితే ఆకాశమేం విరిగి పడదు, చదవడం రాని పిల్లకు పదో పాఠం చెప్పినా గోడకు చెప్పినట్టే కదా.

గోల సంగతి. నువ్వు అరిస్తే వాళ్ళు నీ గొంతు మీదికి తమ గొంతు పెంచుతారు, అది నువ్వు గెలిచే పోటీ కాదు. పిల్లలు లోపలికి వచ్చేసరికే బోర్డు మీద పని ఉండాలి, ఐదు లెక్కలో, ఒక పొడుపు కథో. హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ సార్" బదులు రోజుకో మాట చెప్పమను, ఒకరోజు ఊరి పేరు, ఒకరోజు పండు పేరు. ముందరి వాళ్ళు చెప్పింది చెప్పకూడదని పెడితే చచ్చినట్టు వింటారు. అందరికంటే అల్లరి చేసేవాడికి చాక్‌పీసుల డబ్బా అప్పజెప్పు. కర్ర జోలికి మాత్రం పోవద్దు, విద్యాహక్కు చట్టం ప్రకారం కొట్టడం నిషేధం, పైగా పక్క క్లాసు సారు కొడుతున్నాడు కదా అని నువ్వూ మొదలుపెడితే ఇక నీ మాటకు విలువుండదు.

ఇంకో రెండు ముక్కలు. మీ బడిలో తండా పిల్లలుంటే వాళ్ళింట్లో మాట లంబాడీ, తెలుగు వాళ్ళకు బడి భాష. మక్తల్ దాటి కృష్ణ వైపు పోతే కన్నడం. వాళ్ళ మాటలు ఓ పది నేర్చుకొని తప్పుగానైనా సరే క్లాసులో మాట్లాడు, ఆరోజు క్లాసంతా నీకు టీచర్ అయిపోతుంది, నవ్వుతారు, నవ్వనీ. రెండోది, దసరా దీపావళి దాటాక కొన్ని పేర్లు హాజరుపట్టీలో మాయమవుతాయి. అమ్మానాన్నతో ముంబై, పుణె పనులకు పోతారు, కొందరు ఇటుక బట్టీలకు. గద్వాల వైపైతే సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పూలకు పుప్పొడి అంటించే పని) మొదలైన రోజుల్లోనే బెంచీలు ఖాళీ అవుతాయి. వాళ్ళ పేర్లు కొట్టెయ్యకు. ముసలమ్మ ఇంట్లో ఉంటుంది, పోయి ఒకసారి మాట్లాడు. పిల్లను తనదగ్గర ఉంచుకోమని ఊళ్ళో మనిషి చెబితే వినని అవ్వ, సారు ఇంటికొచ్చి చెబితే వింటుంది.

గొంతుకు వేడినీళ్ళు తాగు. తగ్గకపోతే డాక్టర్‌కు చూపించు.

మిర్యాలగూడలో తక్కువ ఫీజు స్కూల్ నడుపుతున్నాను. డిగ్రీ పాసైన పిల్లల్ని టీచర్లుగా తీసుకుంటే దసరాకు ఒకరు, సంక్రాంతికి ఒకరు మానేస్తున్నారు. ఈ తరానికి నిబద్ధత లేదు. ఎట్లా ఆపాలి?
*ఒక కరస్పాండెంట్*

ఏం జీతం ఇస్తున్నారో మీరు రాయలేదు. రాయలేదంటేనే తెలుస్తోంది.

వేసవిలో జీతం ఇస్తున్నారా? చాలా బళ్ళలో పది నెలలకే ఇస్తారు, ఆ రెండు నెలల్లో మాత్రం పాంప్లెట్లు చేతిలో పెట్టి అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారు, మండుటెండలో. ఎమ్మెస్సీ చదివిన పిల్ల గడప గడపకూ పోయి "మీ బాబును మా స్కూల్లో వేయండి" అని బతిమాలాక, మళ్ళీ జూన్‌లో అదే పిల్లను "గౌరవంగా టీచర్ అని పిలవండి" అంటే పిల్లలు పిలుస్తారేమో గానీ ఆమెకే నమ్మకం ఉండదు. రోజుకు ఎనిమిది పీరియడ్లూ నిండుగా వేసి, కరెక్షన్ ఇంటికి పంపి, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటే మానెయ్యక ఏం చేస్తారు. సర్టిఫికెట్లు ఉంచుకోవడం అయితే ఇవాళే ఆపండి, ఆ పిల్ల పోలీస్ స్టేషన్‌కు పోతే మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఫీజు తక్కువ, డబ్బు లేదు, నాకూ తెలుసు. డబ్బు పెద్దగా అక్కర్లేనివి చెబుతాను. జూన్‌లో హడావిడిగా కాకుండా ఏప్రిల్‌లోనే మనిషిని తీసుకోండి, ఆ చివరి రోజుల్లో పాత టీచర్ క్లాసులో వెనక కూర్చొని చూడనివ్వండి. రోజుకు ఒక్క పీరియడ్ ఖాళీ ఇవ్వండి. కొత్త మనిషికి తొమ్మిది, పది తరగతులు అంటగట్టి సీనియర్లు చిన్న తరగతులు తీసుకోవడం మానండి. బీఎడ్ పరీక్షలకు సెలవు జీతంతో ఇవ్వండి. వేసవిలో సగం జీతమైనా ఇవ్వండి. ఇవి చేసి చూశాక కూడా మానేస్తే అప్పుడు నిబద్ధత గురించి మాట్లాడుకుందాం.

మా తండా బడికి పోయినేడు పట్నం నుంచి ఒక పిల్ల వచ్చి చదువు చెప్పింది. పోరగాండ్లు మస్తు నేర్చుకున్నరు. ఇప్పుడు ఆమె పోయింది. మా చిన్నోడు బడికి పోనంటుండు. ఇట్ల వచ్చి పోయేటోళ్ళు మాకెందుకమ్మా? అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల నేను కూడ ఉన్న. మా పెద్దోనితోని రాపిస్తున్న.
*ఒక తల్లి, చందంపేట మండలం*

అమ్మా, ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో అసలైనది మీదే. ఫెలోషిప్ పెట్టేవాళ్ళు, చేరేవాళ్ళు, పేపర్లో రాసేవాళ్ళు అందరూ వచ్చేటప్పటి సంగతి మాట్లాడతారు, పోయేటప్పటి సంగతి మీరు ఒక్కరే అడిగారు.

వచ్చేవాళ్ళను వద్దనకండి. పిల్లలు నేర్చుకున్నారని మీరే అంటున్నారు, నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కానీ ఈసారి ఎవరైనా వస్తామంటే కమిటీలో కూర్చోబెట్టి మొదటి రోజే అడగండి: మీరు పోయినాక మా పిల్లలకు ఎవరు చెబుతారు? ఒకే ఏడాదికి వస్తామంటే, మరుసటి ఏడాదికి మీ తరఫున ఇంకొకరు వస్తారా? మా తండాలో డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న పిల్ల ఉంది, ఆమెను మీ పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పుతారా? వచ్చిన పిల్ల ఎంత మంచిదైనా రెండేళ్ల మనిషే, తండాలో పిల్ల తండాలోనే ఉంటుంది, పెళ్లయి పోయినా పక్క తండాకే పోతుంది. ఏప్రిల్ నెలలో, బడి మూసేముందు, ఒక్కొక్క పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో రాసిన నోట్‌బుక్ హెడ్‌మాస్టర్ చేతికి ఇచ్చి పోవాలని కూడా చెప్పండి. అది లేకపోతే జూన్‌లో కొత్త సారు మళ్ళీ "అ ఆ" దగ్గర మొదలుపెడతారు, పిల్లలకు విసుగు పుడుతుంది. మీ చిన్నోడికి జరిగింది కూడా అదేనేమో కనుక్కోండి.

ఇంకోటి మీ హక్కు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. మీ బడిలో ఒక్కరే ఉంటే, పిల్లల పేర్ల లిస్టు తీసుకొని కమిటీ అంతా కలిసి ఎంఈఓ ఆఫీసుకు పోండి, వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద, అంటే వేరే బడి నుంచి సర్దుబాటు చేసి, ఇంకొకరిని పంపమని దరఖాస్తు ఇవ్వండి, దాని మీద సంతకం, తారీఖు వేయించుకొని జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. పట్నం పిల్ల వచ్చింది కదా, ఇక సర్కారు టీచర్ ఎందుకు అని ఎవరైనా అంటే ఊరుకోవద్దు. ఆమె అదనంగా వచ్చిన మనిషి, సారు బదులు వచ్చిన మనిషి కాదు.

చిన్నోడికి ఆ టీచర్ ఫోన్ నంబర్ మీ దగ్గర ఉంటే ఒకసారి మాట్లాడించండి. "బడికి పోతున్నావా" అని ఆమె అడిగితే చాలు.

పాలమూరు యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. ఈ ఫెలోషిప్‌ల వాళ్ళు ఐఐటీలకు, ఢిల్లీ కాలేజీలకు పోతారు గానీ మా వైపు ఎవరూ రారేం? నాకు ఇంగ్లీష్ కూడా అంత బాగా రాదు. అప్లై చేస్తే దండగేనా?
*వనపర్తి విద్యార్థి*

రారు అన్నది నిజమే తమ్ముడూ, దానికి కారణం ఆ ఆలోచన పుట్టిన చోటే ఉంది. పెద్ద యూనివర్సిటీల్లో చదివిన వాళ్ళను పేద బళ్ళలోకి తేవాలన్నదే అమెరికాలో మొదటి ఊహ, రేపు వాళ్ళే ఆఫీసర్లు, కంపెనీ పెద్దలు అవుతారు, అప్పుడు బడిని మర్చిపోరు అని లెక్క. మన దేశానికి వచ్చాక కూడా ఆ వాసన పోలేదు. టీచ్ ఫర్ ఇండియా బళ్ళు ఉన్నవి కూడా ముంబై, ఢిల్లీ, హైదరాబాద్, చెన్నై వంటి నగరాల్లోనే. అంటే పాలమూరు నుంచి వాళ్ళను తీసుకోవడం తక్కువ, పాలమూరుకు వాళ్ళు రావడం అంతకంటే తక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలోని జిల్లాలన్నింటిలో అక్షరాస్యత అన్నింటికంటే తక్కువ మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే, 55 శాతం. టీచర్ అందరికంటే ఎక్కువ కావాల్సిన చోటికే దారి తెలియకపోతే ఎట్లా అన్నది వాళ్ళను అడగాల్సిన ప్రశ్న, నేను అడుగుతూనే ఉంటాను.

స్థానికంగా దొరికే మనిషి తీసిపోడు అనడానికి ఆధారం కూడా ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బళ్ళలో ఒక ప్రయోగం చేశారు. లాటరీ తీసి 100 సర్కారు బళ్ళకు అదనంగా ఒక్కో కాంట్రాక్ట్ టీచర్‌ను ఇచ్చారు. రెండేళ్లయ్యాక చూస్తే ఆ బళ్ళలో పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బళ్ళ పిల్లల కంటే మెరుగ్గా ఉన్నారు. ఆ టీచర్లు ఎవరనుకున్నావు? ఎక్కువమంది వయసులో చిన్నవాళ్ళు, అదే ఊరివాళ్ళు లేదా పక్క ఊరివాళ్ళు, చదువులో, శిక్షణలో రెగ్యులర్ టీచర్ల కంటే తక్కువే, కానీ బడికి ఎగ్గొట్టడం కూడా తక్కువే. వాళ్ళ జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో ఐదో వంతు. ఈ ఐదో వంతు అనే మాట పట్టుకొని "చవకగా అయిపోతుంది కదా" అనేవాళ్ళు ఉంటారు, మన దగ్గర విద్యా వలంటీర్ల బతుకు చూశాం కదా, నెలకు 12,000 గౌరవ వేతనం, అదీ కరోనా వచ్చేసరికి పనే పోయింది. స్థానిక మనిషి కావాలి, చవక మనిషి కాదు, ఈ రెండూ ఒకటి చేసి మాట్లాడేవాళ్ళతో జాగ్రత్త.

ఇంగ్లీష్ గురించి భయపడకు. మన సర్కారు బళ్ళలో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగు. ఆ రెండు పేజీల మధ్య పిల్లను నడిపించాలంటే రెండూ వచ్చిన మనిషి కావాలి, తెలుగు రాని ఢిల్లీ కుర్రాడు ఆ ఇంగ్లీష్ పేజీ ఒక్కటే చదవగలడు. అట్లాగని అసలు రాకుండా పోతే కూడా కుదరదు, ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. రోజూ ఒక అరగంట ఎవరితోనైనా గట్టిగా మాట్లాడు, తప్పులు పోతే పోనీ.

సెలెక్షన్‌లో చాలాచోట్ల కాసేపు పాఠం చెప్పి చూపించమంటారు. అందరూ కిరణజన్య సంయోగక్రియ ఎత్తుకుంటారు, ఐదు నిమిషాల్లో తేలదు. చిన్నది తీసుకో, సగం అంటే ఏమిటి, లేదా గడియారంలో పావు తక్కువ మూడు. వనపర్తి సంతలో బేరం పెట్టి లెక్క చెప్పు, ఎదురుగా కూర్చున్నవాళ్ళను పిల్లలనుకొని ప్రశ్నలడుగు, ఎవరైనా తప్పు జవాబు చెబితే "కాదు" అనకుండా అదెట్లా వచ్చిందో అడుగు. వాళ్ళు చూసేది నీకు ఎంత తెలుసు అని కాదు, ఎదుటివాడికి తెలిసిందా లేదా అని నువ్వు పట్టించుకుంటున్నావా అని.

దరఖాస్తులు ఏడాదిలో కొన్ని విడతలుగా తీసుకుంటారు, చివరి సంవత్సరంలో ఉండగానే వేసుకోవచ్చు. డిగ్రీ మెమో మాత్రం చేరే నాటికి చేతిలో ఉండాలి. బ్యాక్‌లాగ్ ఏమైనా మిగిలి ఉంటే ముందు దాని ఫీజు కట్టు.